వేలిముద్ర వెనక్కి తీసుకోవచ్చా?

"అక్కా, ఏసిన ఏలిముద్ర మళ్ల ఎనుకకు తీస్కోవచ్చా?"

జీడిమెట్ల పారిశ్రామికవాడ పక్కన, షాపూర్‌నగర్‌లో ఒక ఇంటి డాబా మీద ఆదివారం సాయంత్రం జరిగిన మహిళా కార్మికుల సమావేశంలో నన్నడిగిన ప్రశ్న ఇది. ఆ రోజు మేం మాట్లాడుకోవాలనుకున్నవి ఓవర్‌టైము డబ్బులు, పనిచేసే చోట వేధింపులు. అందరూ వెళ్లిపోయేదాకా ఆగి, మెట్ల దగ్గర నిలబడి అడిగిందామె. వయసు యాభై దాటింది. మందుల కంపెనీలో కాంట్రాక్టరు కింద ప్యాకింగ్ పని. పుట్టిల్లు అక్కడికి ఎంతో దూరం కాదు. ఒకప్పుడు వరి, జొన్న పండిన ఊరు. ఇప్పుడు సగం షెడ్లు, సగం ప్లాట్లు. తండ్రి పోయాక మిగిలిన భూమి విషయంలో తమ్ముడు ఆమెను సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకుపోయి ఒక కాగితం మీద వేలిముద్ర వేయించాడు. "ఏం కాగితమని అడగలేదా?" అన్నాను. "తమ్ముడే గదా అక్కా, ఏమడుగుత?" అంది.

ఆ కాగితం జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ. జనం నోట జీపీఏ. పాత హైదరాబాదు వాడుకలో ముఖ్తార్‌నామా. "నా తరఫున ఇతను చేసిన పనులన్నీ నేను స్వయంగా చేసినట్టే" అని ఒక మనిషి మరో మనిషికి రాసిచ్చే అధికారపత్రం.

స్త్రీల తరఫున మాట్లాడటానికి మీకెవరు వకాల్తా ఇచ్చారని మనల్ని తరచు అడుగుతుంటారు. మంచిదే, అడగాల్సిన ప్రశ్నే. కానీ అదే ప్రశ్నను అన్నదమ్ములనూ భర్తలనూ కొడుకులనూ ఎవరూ ఎందుకు అడగరు? ఆడవాళ్ల తరఫున మాట్లాడటం, సంతకం పెట్టడం, డబ్బు తీసుకోవడం వాళ్లకు పుట్టుకతోనే వచ్చిన అధికారమన్నట్టు సమాజం ప్రవర్తిస్తుంది. జీపీఏ ఆ అధికారానికి స్టాంపు మాత్రమే వేస్తుంది.

చట్టం మాత్రం అలా చెప్పదు. మన దేశంలో పవర్స్ ఆఫ్ అటార్నీ చట్టం 1882లో వచ్చింది. ఆరు సెక్షన్లు కూడా మించని చిన్న చట్టం. అందులో అయిదో సెక్షను పూర్తిగా పెళ్లయిన స్త్రీల గురించే. వయసు వచ్చిన వివాహిత, తనకు పెళ్లి కానట్టయితే ఎలాగో అలాగే, తన తరఫున ఒకరిని నియమించుకోవచ్చునని అది చెబుతుంది. ఇంగ్లండులో వివాహిత స్త్రీల ఆస్తి చట్టం వచ్చింది కూడా అదే ఏడాది. ఆమె చేతికి విలువ ఇవ్వడానికి చట్టం ఆమెను పెళ్లికానిదానిగా ఊహించుకోవలసి వచ్చిందన్నది గమనించండి. అయినా అక్కడ గుర్తించింది ఆమె హక్కునే. తన తరఫున ఎవరుండాలో తాను నిర్ణయించుకునే హక్కు అది. ఆచరణలో అది తలకిందులైంది. నియమించవలసిన మనిషి అడిగినచోట వేలు పెడుతుంది. నియమితుడు కావలసినవాడు ముందే కాగితం రాయించి, సాక్షులను కూడా వెంటబెట్టుకుని వస్తాడు.

ఇది ఎలా జరిగిందో అర్థం కావాలంటే జీడిమెట్ల నేల చరిత్రనే చూడాలి. 1960లలో బాలానగర్ వైపు ఐడీపీఎల్ వచ్చింది. ఆ తర్వాత జీడిమెట్లలో పారిశ్రామికవాడ వెలిసింది. రసాయనాల, మందుల ఫ్యాక్టరీలతో పాటు శ్రీకాకుళం నుంచి, గోదావరి జిల్లాల నుంచి, ఒడిశా, బీహారుల నుంచి కూలీలు వచ్చారు. వాళ్లుండటానికి బస్తీలు, కాలనీలు లేచాయి. కుత్బుల్లాపూర్ 2007లో మహానగరంలో కలిసింది. ఎకరాల లెక్కన ఉన్న భూమి గజాల లెక్కలోకి వచ్చింది.

సరిగ్గా ఈ కాలంలోనే ఆడపిల్లలకు ఆస్తి హక్కు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన వాటా ఇచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా, పెళ్లయినా కాకపోయినా, కూతురికి ఆ హక్కు ఉంది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని, హక్కు పుట్టుకతోనే వస్తుందని వినీతా శర్మ కేసులో 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

మనం వీటిని విజయాలుగా చెప్పుకున్నాం. విజయాలే. కానీ చట్టం వాటా ఇచ్చాక భూమి మార్కెట్టు దానితో ఏం చేసిందో పట్టించుకున్నామా? కొనేవాడికి, బిల్డరుకు రేపు కోర్టు గొడవ రాకూడదు. కాబట్టి ఆడపడుచుల సంతకాలు కావాలి. 1985కు ముందు ఆమెను ఎవరూ పిలిచేవారు కాదు. ఇప్పుడు కారు పంపి మరీ పిలుస్తున్నారు. పిలిచేది వాటా ఇవ్వడానికి కాదు, వాటా అడగదని రాయించుకోవడానికి. కొన్నిచోట్ల అది హక్కు విడుదల దస్తావేజు. కొన్నిచోట్ల డెవలప్‌మెంట్ అగ్రిమెంటుతో కలిపిన జీపీఏ. చాలాచోట్ల అన్న పేర, తమ్ముడి పేర జీపీఏ. బదులుగా ఒక పట్టుచీర, పసుపు కుంకుమ, మహా అయితే పిల్ల పెళ్లికి కొంత డబ్బు. హక్కు ఆమె దాకా ఒక సంతకంగా వచ్చి, సంతకంగానే వెళ్లిపోయింది.

చదువుకోకపోవడం వల్ల ఇలా జరుగుతోందని ఎవరైనా అంటే, నా సంగతి చెప్పాలి. సామాజిక శాస్త్రంలో డాక్టరేటు తీసుకున్న నేను, స్త్రీల ఆస్తి హక్కుల మీద సదస్సుల్లో పత్రాలు సమర్పించిన నేను, నాన్న పోయిన ఏడాది అన్నయ్యకు జీపీఏ రాసిచ్చాను. "నువ్వు ఊరికి పదిసార్లు తిరగలేవు కదమ్మా, పాసు పుస్తకాల పని" అన్నాడు. దస్తావేజు పది పేజీలుంది. ఆఫీసులో జనం, ఉక్కపోత. డాక్యుమెంట్ రైటరు వేలు పెట్టి చూపించినచోటల్లా సంతకం చేశాను. నాలుగేళ్ల తర్వాత నకలు తీసి చదివితే, "విక్రయించుటకు, తాకట్టు పెట్టుటకు, ప్రతిఫలము స్వీకరించి రశీదు ఇచ్చుటకు" అన్న మాటలు అందులో ఉన్నాయి. అన్నయ్య మోసం చేశాడని చెప్పడం లేదు. అతనూ చదవలేదేమో. కానీ నేను చదవకపోవడానికి కారణం తీరిక లేకపోవడం కాదు. అన్న ముందు కూర్చుని పేజీ పేజీ చదవడం అతన్ని అనుమానించినట్టవుతుందని సిగ్గుపడ్డాను. పుట్టింటికి వెళ్లే దారి మూసుకుపోతుందని లోలోపల భయపడ్డాను. దక్షిణాసియా స్త్రీల భూమి హక్కుల మీద 1994లో వచ్చిన తన పుస్తకంలో బీనా అగర్వాల్ దీన్ని వివరంగా చర్చించారు. కష్టం వస్తే ఆదుకునే దిక్కుగా అన్నదమ్ములను నిలుపుకోవడానికి స్త్రీలు వాటా వదులుకుంటారు. అది అజ్ఞానం కాదు, దిక్కులేనితనం చేయించే లెక్క. ఆ లెక్క నా చేత కూడా సంతకం పెట్టించింది.

జీపీఏల మీద దేశంలో జరిగిన పెద్ద చర్చ ఈ కోణాన్ని తాకనే లేదు. సూరజ్ ల్యాంప్ కేసులో 2011 అక్టోబరు 11న సుప్రీంకోర్టు, జీపీఏ ద్వారా ఆస్తి అమ్మకం జరిగినట్టు కాదని, రిజిస్టరైన అమ్మకపు దస్తావేజు ఉంటేనే హక్కు బదిలీ అవుతుందని తీర్పు చెప్పింది. పన్ను ఎగవేత, నల్లధనం, భూ మాఫియా గురించి న్యాయమూర్తుల ఆందోళన సరైనదే. కానీ నిజాయితీగా రాసిన జీపీఏలకు ఈ తీర్పు అడ్డు కాదంటూ వాళ్లిచ్చిన ఉదాహరణ చూడండి: భార్య లేక భర్త, కొడుకు, కూతురు, సోదరుడు, సోదరి, బంధువు. అంటే బయటివాడికి రాస్తే అనుమానించాలి, ఇంటివాడికి రాస్తే నమ్మవచ్చు. స్త్రీల అనుభవం దీనికి సరిగ్గా వ్యతిరేకం. మన ఆస్తి ఎక్కువగా పోయేది ఆ జాబితాలో ఉన్నవాళ్ల చేతుల్లోనే. కుటుంబాన్ని ప్రశ్నించనవసరం లేని పవిత్ర స్థలంగా చూసే దృష్టి కోర్టు గదిలో కూడా ఉంది.

అయితే స్త్రీలు జీపీఏ రాయడాన్నే నిషేధించాలా? ఆ డాబా మీదే ఒక యువ కార్యకర్త ఈ మాట అంది. నేను ఒప్పుకోలేకపోయాను. రక్షణ పేరుతో స్త్రీలను మైనర్లతో సమానం చేసే చట్టాలు మనకు కొత్త కాదు. కార్మికుల నష్టపరిహారానికి సంబంధించిన 1923 నాటి చట్టం, స్త్రీకి ఏకమొత్తంగా ఇవ్వవలసిన పరిహారాన్ని యజమాని నేరుగా ఇవ్వకూడదని, కమిషనరు దగ్గర జమ చేయాలని చెప్పింది. స్త్రీ పక్కన అది చేర్చిన మరో వర్గం, చట్టరీత్యా అశక్తులైనవారు. 2025 నవంబరు 21న సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చేదాకా ఆ చట్టం నడిచింది. ఫ్యాక్టరీ ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న ఒడిశా స్త్రీ డబ్బును మరిది పాలు కాకుండా ఆ నియమం కాపాడి ఉండవచ్చు. కాదనను. కానీ స్త్రీ అంటేనే అశక్తురాలన్న భావన మీద కట్టిన రక్షణ ఎంతకాలం మనది?

పైగా మన తరఫున ఇంకొకరు అవసరం కావడం నిజం. ఒక్క పూట ఆఫీసు చుట్టూ తిరిగితే ఆ రోజు కూలి పోయే మనిషికి అవసరం. గల్ఫ్‌లో ఇళ్లల్లో పనిచేస్తున్న కడప, గోదావరి జిల్లాల స్త్రీలకు అవసరం. అమెరికాలో భర్త వదిలేస్తే ఇక్కడి కోర్టులో కేసు నడపాల్సిన అమ్మాయికి అవసరం. ఇవేవీ లేకపోయినా, రేపు మంచాన పడితే మనందరికీ అవసరం. కావలసింది నిషేధం కాదు, ఎంపిక.

ఎంపిక ఎంత కష్టమో మా పిన్ని విషయంలో చూశాను. ఆమె పెళ్లి చేసుకోలేదు. టీచరుగా పనిచేసి, తోటి టీచరుతో కలిసి ముప్పయ్యేళ్లు ఒకే ఇంట్లో ఉంది. పక్షవాతం వచ్చి స్పృహ తప్పినప్పుడు ఆసుపత్రిలో అడిగిన మొదటి ప్రశ్న "రక్తసంబంధీకులెవరు?" పిన్నికి ఏ మాత్ర పడుతుందో, ఏది పడదో తెలిసిన స్నేహితురాలు వరండాలో నిలబడింది. ఏళ్ల తరబడి ముఖం చూపించని మేనల్లుడు వచ్చి కాగితాల మీద సంతకం పెట్టాడు. పిన్ని ఆ స్నేహితురాలి పేర ఎప్పుడో జీపీఏ రాసింది. అది పనికిరాలేదు. ఎందుకంటే 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షను ప్రకారం, రాసినవారు చనిపోయినా, మతిస్థిమితం కోల్పోయినా ఆ అధికారం రద్దవుతుంది. అవసరం మొదలయ్యేచోటే కాగితం చెల్లకుండా పోతుంది. ఇంగ్లండులో 2005 నాటి చట్టం కింద, తెలివి తప్పిన తర్వాత కూడా నిలిచే అధికారపత్రం రాసుకోవచ్చు. మనకు అలాంటిది లేదు. కోమాలో ఉన్నవారికి సంరక్షకులను నియమించడానికి ప్రత్యేక చట్టమే లేదని గుర్తించి, 2019లో కేరళ హైకోర్టు తానే మార్గదర్శకాలు రూపొందించవలసి వచ్చింది.

ఒక కిటికీ మాత్రం తెరుచుకుంది. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 14వ సెక్షను ప్రకారం, వయసు వచ్చిన ఎవరైనా తనకు మానసిక అనారోగ్యం వస్తే చికిత్స విషయాల్లో తన తరఫున ఉండే ప్రతినిధిని ముందే నియమించుకోవచ్చు. తెల్లకాగితం మీద రాసి సంతకం పెడితే చాలు, వేలిముద్ర అయినా సరే. ఆ ప్రతినిధి బంధువు కానవసరం లేదు. ఎప్పుడైనా మార్చుకోవచ్చు. "పిచ్చిది" అని ముద్ర వేసి భార్యను ఎర్రగడ్డలో చేర్పిస్తానని బెదిరించే భర్తలున్న సమాజంలో ఈ సెక్షను విలువ మనకు తెలుసు. మరి ఎంతమందిమి ఆ తెల్లకాగితం రాసుకున్నాం? దీనికీ పరిమితి ఉంది. అది చికిత్సకే వర్తిస్తుంది, ఆస్తికి కాదు. 1987 నాటి చట్టంలో ఆస్తి నిర్వహణకు మేనేజరును నియమించే ఏర్పాటు ఉండేది. కొత్త చట్టంలో అది లేదు. ఆ ఖాళీలోకి మళ్లీ ఇంటి మగవాళ్లే వస్తారు.

ఇక షాపూర్‌నగర్ ప్రశ్నకు వద్దాం. ఏసిన వేలిముద్ర వెనక్కి తీసుకోవచ్చా? చాలావరకు తీసుకోవచ్చు. ఇచ్చిన అధికారాన్ని రద్దు చేసుకునే హక్కు ఇచ్చినవారికి ఉంది. రద్దు పత్రం రాయించి, జీపీఏ రిజిస్టరైనదైతే దీన్ని కూడా రిజిస్టరు చేయించాలి. అధికారం పొందిన మనిషికి, కొంటారనుకున్నవాళ్లకు నోటీసు పంపాలి. వాళ్లకు తెలిసిన తర్వాతే వాళ్ల విషయంలో రద్దు అమలవుతుంది, కాబట్టి ఆలస్యం పనికిరాదు. ఆలోగా అతను చేసిన పనులు చెల్లుతాయి. బిల్డరుతో రాసినట్టు ఆ ఆస్తిలో అతనికే సొంత ప్రయోజనం ఉండేలా రాసి ఉంటే, 202వ సెక్షను కింద రద్దు అంత సులభం కాదు.

రద్దు ఒక్కటే దారి కాదు. కాంట్రాక్టు చట్టం 213వ సెక్షను ప్రకారం, మన తరఫున పనిచేసేవాడు మనం అడిగినప్పుడు లెక్క చెప్పి తీరాలి. తమ్ముడైనా సరే. ఇంకొకటి కూడా ఉంది. పరదాలో ఉండే స్త్రీలు రాసిన దస్తావేజుల విషయంలో, ఆమెకు విషయం అర్థమైందని నిరూపించే బాధ్యత లాభం పొందినవారిదేనని ప్రివీ కౌన్సిల్ కాలం నుంచి కోర్టులు చెబుతూ వచ్చాయి. చదువురాని స్త్రీలకు కూడా ఈ సూత్రాన్ని వర్తింపజేశాయి. వేలిముద్ర వేసిందంటే ఒప్పుకున్నట్టే అనే మాటను మనం తలవంచి వినవలసిన పని లేదు.

కానీ ప్రతి స్త్రీ కోర్టుకెక్కి గెలుచుకోవాలనడం న్యాయం కాదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులోనే కొన్ని మార్పులు కావాలి. ప్రస్తుతం అధికారి విచారించేది "ఈ సంతకం నీదేనా?" అన్నది. "ఇందులో ఏముందో నీకు తెలుసా?" అన్నది కూడా అడగాలి. అధికారం పొందబోయేవాళ్లను బయట ఉంచి, దస్తావేజును ఆమెకు తెలిసిన భాషలో చదివి వినిపించాలి. నకలు ఒకటి ఆమె చేతికే ఇవ్వాలి. అమ్మే అధికారం విడిగా ఒప్పుకుంటే తప్ప జీపీఏలో చేరకూడదు. గడువు లేని జీపీఏ ఉండకూడదు. తెలివి తప్పినా నిలిచే అధికారపత్రం, లెక్కలు తనిఖీ చేసే ఏర్పాటుతో సహా, చట్టంలోకి రావాలి. అందులో ఎవరిని ఎంచుకోవాలన్నది రక్తసంబంధంతో ముడిపెట్టకూడదు.

అంతదాకా మనం చేయగలిగింది కూడా తక్కువేమీ కాదు. ఒక్క పనికి ఒక్క అధికారమే ఇచ్చే స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ చాలినచోట జనరల్ రాయకపోవడం. చదవకుండా సంతకం పెట్టకపోవడం. చదువు రానివాళ్ల పక్కన చదివే మనిషిగా సంఘం నుంచి ఒకరు కూర్చోవడం. ఊళ్లల్లో ప్రమాణాలు చేయించి, పండగ చీర చూపించి పెట్టించుకునే సంతకాలకు ఇది విరుగుడు కాకపోవచ్చు. కానీ చదివే మనిషి పక్కనుంటే చదవడానికి సిగ్గుండదు. ఆ రోజు నా పక్కన ఎవరైనా కూర్చుని ఉంటే నేనూ చదివేదాన్ని.

రెండు వారాల తర్వాత ఆమె నకలు తెచ్చింది. అదే డాబా మీద ఇద్దరం కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదివాం. అమ్మే అధికారం ఉంది. ఈసీ తీయిస్తే, నాలుగు వందల గజాలు అప్పటికే అమ్ముడుపోయాయి, మిగతాది ఉంది. రద్దు పత్రం రాయిద్దామా అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. "రద్దు జేస్తే తమ్ముని ఇంటి తొవ్వ బందయితది. చేయకుంటే నాదే బందయితది" అంది. మళ్లీ తనే, "ముందుగాల లెక్క అడుగుత అక్కా. అమ్మిన నాలుగు వందల గజాల లెక్క. లెక్క చెప్పనీకి ఆనికి ఎంత కష్టమయితదో చూసి, అప్పుడు రద్దు సంగతి జూస్త" అంది.

కాగితాన్ని మడిచి, కవర్లో పెట్టి, టిఫిన్ డబ్బా ఉన్న సంచిలో వేసుకుంది. మర్నాడు పొద్దున ఆమెది ఫస్టు షిఫ్టు. లెక్క అడగడానికి వచ్చే ఆదివారం వెళ్తానంది. ఆమె పక్కన ఎవరు వెళ్తారన్నది మా సంఘం ఆ రోజే నిర్ణయించుకుంది.